వైట్ గట్‌కి ముందు మేత తగ్గించండి

అన్నా, కాళ్ల ఊరి దగ్గర మీ చెరువులో 50 రోజుల వెనామీ రొయ్యలకి వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) వచ్చిందనీ, యాంటీబయాటిక్ వేయాలా అనీ అడిగారు. దయచేసి వేయొద్దు. అది పేగులోని మంచి బ్యాక్టీరియానీ చంపేస్తుంది, అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది.

రొయ్యకి మనలా యాంటీబాడీలు ఉండవు. పేగు గోడ, అందులోని మేలు చేసే సూక్ష్మజీవులూ దానికి పెద్ద కాపలా. మేత ఎక్కువై అడుగున కుళ్లితే విబ్రియో అనే చెడు బ్యాక్టీరియా పెరిగి ఆ కాపలా దెబ్బతింటుంది, తిన్నది అరగదు.

ముందు మేత బాగా తగ్గించి, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూస్తూ మెల్లగా పెంచండి. బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా మందు) మేతకి పట్టించి ఆరబెట్టి వేయండి. శానిటైజర్ కొట్టిన రోజు మాత్రం చెరువులో ప్రోబయోటిక్ చల్లొద్దు, శానిటైజర్ ఆ మంచి బ్యాక్టీరియానీ చంపేస్తుంది; చాలామంది అక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉందేమో తెలియడానికి పీసీఆర్ (ల్యాబ్‌లో చేసే జన్యు) పరీక్ష తప్పక చేయించండి. అది ఉంటే మందు లేదన్నా, సైజు చూసుకుని పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) గురించి ఆలోచించాలి.