14 మంది ఉన్న సీఎన్‌సీ షాపుకి ఈఓఎస్ పద్ధతి పనికొస్తుందా?

మీ పరిస్థితి ఇది: బాలానగర్‌లో మూడు వీఎంసీలతో (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్లు) జాబ్ వర్క్, మొత్తం 14 మంది. ఆర్డర్లకి కొదవ లేదు, డెలివరీలే తప్పుతున్నాయి. ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) విరిగినా, లారీ రాకపోయినా ఫోను మీకే. ఈఓఎస్ (ఎంట్రప్రెన్యూరియల్ ఆపరేటింగ్ సిస్టమ్, కంపెనీని నడిపే ఒక పద్ధతి) పెడితే దారికొస్తుందా అని అడిగారు. వస్తుంది, కానీ మొత్తం పెట్టొద్దు. పదేళ్ల లక్ష్యం, కంపెనీ విలువలు రాసే కాగితాన్ని ఆరు నెలలు పక్కన పెట్టండి. మీ సైజుకి అందులో పనికొచ్చేవి మూడే: వారం వారం అంకెలు, ఏ పని ఎవరిదో తేల్చడం, వారానికో మీటింగ్.

అంకెలతో మొదలుపెట్టండి, దానికి ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. గూగుల్ షీట్‌లో అడ్డంగా 13 వారాలు, నిలువుగా ఏడు వరుసలు. నెల టర్నోవర్ మాత్రం వద్దు, అది చేతికొచ్చేసరికి నెల అయిపోయి ఉంటుంది. రాయాల్సినవి: పంపిన కొటేషన్లు, కొత్త ఆర్డర్ల విలువ, మెషిన్ నడిచిన గంటలు, నూటికి రిజెక్షన్, చెప్పిన తేదీకి వెళ్లిన ఐటమ్స్, గడువు దాటిన బాకీ, బ్యాంకులో డబ్బు ఎన్ని వారాల జీతాలకీ ఈఎంఐలకీ సరిపోతుందన్నది. ఒక్కో వరుసకి ఒక టార్గెట్, ఒకే పేరు; టార్గెట్ తప్పిన అంకెకి ఎరుపు రంగు. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరికి వారే యమునా తీరే.

మెషిన్ గంటల దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. మెషిన్‌ని నడిపే కంట్రోలర్ ఫానుక్ కంపెనీదైతే టైమర్ స్క్రీన్‌లో పవర్ ఆన్, ఆపరేటింగ్ టైమ్, కటింగ్ టైమ్ విడివిడిగా ఉంటాయి. పవర్ ఆన్ చూస్తే మెషిన్ రోజంతా పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆపరేటింగ్ టైమ్ తీసుకోండి, ఫీడ్ హోల్డ్‌లో (ఆపరేటర్ మధ్యలో ఆపినప్పుడు) ఆగిన సమయం అందులో కలవదు. ప్రతి శనివారం సాయంత్రం రీడింగ్ రాసుకుని, దాంట్లోంచి పోయిన వారం రీడింగ్ తీసేయాలి. రోజుకి పది గంటలు, ఆరు రోజులు, మూడు మెషిన్లంటే 180 గంటలు. రోజూ సెట్టింగ్ మారే చిన్న లాట్లయితే 110కి టార్గెట్ పెట్టి అక్కణ్నుంచి పెంచండి. మొదటి వారమే 150 అని రాస్తే నెలంతా ఎరుపే, ఆ షీటుని ఇక ఎవరూ పట్టించుకోరు.

రిజెక్షన్ అంకె నిజం కావాలంటే పాడైన పీసుకి జీతంలో కోత పెట్టడం ఆపాలి. కోత ఉన్నంత కాలం పాడైన పీసు లోహపు చిప్స్ పడే డబ్బాలోకే పోతుంది, మీకు సున్నా అని రిపోర్టు వస్తుంది. ఎర్ర డబ్బా ఒకటి పెట్టి, ప్రతి పీసు మీద మార్కర్‌తో కారణం రాయించండి: ఆఫ్‌సెట్ (మెషిన్‌లో ఇచ్చే టూల్ కొలత సవరణ) తప్పు, ఇన్సర్ట్ అరిగింది, పాత డ్రాయింగ్, మెటీరియల్‌లో లోపం.

బాకీ వరుస గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువుకి, ఎంత రాసుకున్నా 45 రోజుల లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల లోపు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలవారీ చక్రవడ్డీ. 2023-24 నుంచి ఈ గడువు దాటించిన కంపెనీకి ఆ ఖర్చు డబ్బు కట్టిన సంవత్సరంలోనే పన్ను లెక్కలోకి వస్తుంది, అందుకే మార్చిలో పార్టీ అకౌంట్స్ వాళ్లు మీ ఫోను ఎత్తుతారు. ఉద్యం నంబరు (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఇన్‌వాయిస్ మీద అచ్చువేయండి. సరుకు అందిన తేదీతో సంతకం ఉన్న చలానా దాచుకోండి, రోజుల లెక్కకి అదే ఆధారం.

ఇక ఏ పని ఎవరిది. అయిదు గళ్లు గీయండి: అమ్మకాలు-కొటేషన్లు, ప్రొడక్షన్, క్వాలిటీ, కొనుగోళ్లు-స్టోర్, అకౌంట్స్. నాలుగింట్లో మీ పేరే ఉంటే కంగారొద్దు, మూడు నెలలకొకటి వదిలించుకోండి. ముందు వదలాల్సింది కొనుగోళ్లు: ఐదు వేల లోపు ఇన్సర్ట్‌లు, కూలెంట్, కొలెట్లు అడక్కుండా తెప్పించొచ్చని రాసిచ్చేయండి, ఫోన్లు చాలావరకు తగ్గుతాయి. ప్రొడక్షన్, క్వాలిటీ ఒకరికే ఇవ్వొద్దు. సాయంత్రం ఆరింటికి బండి ఎదురుచూస్తుంటే సందేహం ఉన్న పీసు కూడా పాస్ అయిపోతుంది. క్వాలిటీకి తగిన మనిషి లేకపోతే ఉన్న కుర్రాళ్లలో ఒకణ్ని తయారుచేసుకోండి, మీ బాలానగర్‌లోనే ఉన్న సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) షార్ట్ టర్మ్ కోర్సులు ఉంటాయి. అన్నదమ్ములిద్దరు నడిపే షాపయితే ఇంకో నియమం: ఆపరేటర్‌కి పని చెప్పేది ఒక్కరే. రెండో వాళ్లు ఏమన్నా చెప్పాలనుకుంటే సూపర్‌వైజర్‌కే చెప్పాలి.

మీటింగ్ అసలు పద్ధతిలో 90 నిమిషాలు, అందులో 60 సమస్యలకే. మీకు 45 చాలు, నలుగురు కూర్చోవాలి: అంకెలకి 5, పోయిన వారం పనులకి 5, పార్టీల-వర్కర్ల కబుర్లకి 5, సమస్యలకి 25, ఎవరు ఏం చేస్తారో తిరిగి చదవడానికి 5. సోమవారం పెట్టొద్దు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకునే రోజది. అంకె ఎరుపైతే అక్కడే వాదించకుండా సమస్యల జాబితాలోకి ఎక్కించి ముందుకెళ్లండి. ఈ ఒక్కటి తప్పితే 45 నిమిషాలూ తిట్లలో పోతాయి.

సమస్య విప్పేటప్పుడు మొదట దొరికే జవాబు దాదాపు ఎప్పుడూ మనిషి పేరే. డెలివరీ ఎందుకు తప్పింది? ఆపరేటర్ లేటు. అక్కడ ఆగకుండా తవ్వితే, పీసులు గురువారమే అయ్యాయి, అనోడైజింగ్‌కి (అల్యూమినియం మీద వేసే రక్షణ పొర) బయటికెళ్లి వారం కూర్చున్నాయి, చలానా మీద తిరిగి రావాల్సిన తేదీ లేదు అని తేలుతుంది. పరిష్కారం ఒక వాక్యం: బయటికెళ్లే ప్రతి చలానా మీద తేదీ, దానికి ముందురోజు స్టోర్ మనిషి ఫోను. ఏడు రోజుల్లో పూర్తయ్యేలా పని రాసుకోవాలి.

మూడు నెలల లక్ష్యాలు మూడు మించొద్దు, అయ్యిందో లేదో కళ్లతో చూడగలిగేలా ఉండాలి. "రిజెక్షన్ తగ్గించాలి" పనికిరాదు. "సెప్టెంబర్ 30కి రిపీట్ జాబులన్నింటికీ సెటప్ షీటు: టూల్ జాబితా, జీరో పాయింట్, క్లాంపింగ్ ఫోటో" అనాలి. షీట్లు హిందీలో కూడా ఉంటే మంచిది, సగం మంది ఆపరేటర్లు బిహార్, ఒడిశా వాళ్లయితే తప్పదు. బతుకమ్మ నుంచి ఛఠ్ దాకా ఎప్పుడూ ఎవరో ఒకరు ఊరెళ్లే ఉంటారు కాబట్టి కొత్త మెషిన్ దింపడం, కొత్త షిఫ్ట్ మొదలుపెట్టడం లాంటి లక్ష్యాలు ఆ త్రైమాసికంలో పెట్టొద్దు.

సాఫ్ట్‌వేర్, కన్సల్టెంట్ ఇప్పుడే వద్దు. మెషిన్ గంటల వరుస 13 వారాలూ ఖాళీ లేకుండా నిండితే అప్పుడు కొటేషన్ అడగండి.