గురువారం రాత్రి ఎక్కి ఆదివారం రాత్రి తిరిగొచ్చే ట్రిప్‌లో బ్యాంకాక్‌తో పాటు పట్టాయా కూడా చూడొచ్చా?

చూడొచ్చు, బస్సు కిటికీలోంచి. నా మాట వింటే పట్టాయా తీసేసి, మూడు పగళ్లూ ఒకే ఊళ్లో, ఒకే హోటల్లో ఉండండి.

దూరం 150 కిలోమీటర్లే, నిజమే. కానీ గది ఖాళీ చేసి, రెండు రెండున్నర గంటలు రోడ్డు మీద కూర్చుని, అక్కడ మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చేదాకా లాబీలో పడిగాపులు పడి, మర్నాడు మళ్లీ అదే తంతు. ఒకటిన్నర రోజు దానికే సరి. మన ఏజెంట్ల ప్యాకేజీల్లో పట్టాయా ఎందుకు తప్పనిసరో తెలుసా? కోరల్ ఐలాండ్ పడవ, దారిలో రత్నాల షోరూమ్, రాత్రికి ఇండియన్ బఫే... ఆగిన ప్రతిచోటా ఎవరికో కమీషన్. పనీర్ బటర్ మసాలా తినడానికి అంత దూరం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్లో నింపాలి. 2025 మే 1 నుంచి తప్పనిసరి. పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే అది నకిలీ. హోటల్ చిరునామా దగ్గర పెట్టుకోండి, అడుగుతుంది. ఈ-సిగరెట్ అలవాటుంటే ఇంట్లోనే వదిలేయండి, అక్కడ అది నేరం.

అర్ధరాత్రి విమానం బ్యాంకాక్ ఎయిర్‌పోర్ట్ సువర్ణభూమిలో తెల్లవారుజామున దించుతుంది. అక్కడి టైమ్ మనకంటే గంటన్నర ముందు కాబట్టి, ఆరైందని గడియారం చెప్పినా ఒంటికి నాలుగున్నరే. డబ్బులు పైన మార్చుకోవద్దు. కింది అంతస్తులో రైలు స్టేషన్ పక్క కౌంటర్లలో రేటు మెరుగు. ఏటీఎం వాడితే ప్రతిసారీ 200 బాట్ పైనే ఛార్జీ, కాబట్టి ఒక్కసారే ఎక్కువ తీయండి. 'రూపాయల్లోకి మార్చమంటారా' అని స్క్రీన్ అడిగితే వద్దనండి, ఆ రేటులో దోపిడీ ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ రైలు ఊళ్లోని ఫయా థాయ్ స్టేషన్ దాకా 45 బాట్, అరగంట లోపే. సూట్‌కేస్ హోటల్లో పడేస్తే గది రాకముందే ఊళ్లో పడొచ్చు. హోటల్ మాత్రం ఎంఆర్‌టీ (మెట్రో రైలు) బ్లూ లైన్ స్టేషన్‌కి నడిచేంత దూరంలోనో, సఫాన్ తక్సిన్ దగ్గర పడవల రేవు పక్కనో తీసుకోండి. సాయంత్రం ఆ రోడ్ల మీద టాక్సీ ఎక్కడమంటే మీటర్ చూస్తూ కూర్చోవడమే.

నిద్రలేని మొదటిరోజే గ్రాండ్ ప్యాలెస్ పెట్టుకోవద్దు. శనివారం ఎనిమిదిన్నరకి, తలుపులు తీసేసరికి అక్కడుండండి. టికెట్ 500 బాట్, మూడున్నర దాటితే అమ్మరు. భుజాలు, మోకాళ్లు కప్పాలి. చుడీదార్ బ్రహ్మాండం, చిరుగుల జీన్స్‌ని ఆపేస్తారు.

గేటు ఇంకో రెండొందల అడుగులుందనగా ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకడు ఎదురొస్తాడు. 'ఇండియానా? వెల్‌కమ్' అంటాడు. ప్యాలెస్‌లో ప్రార్థనలు, ఒంటిగంట దాకా మూసేశారు అంటాడు. మీ చేతిలో మ్యాప్ ఉంటే తనే పెన్ను తీసి మూడు గుళ్ల చుట్టూ సున్నాలు చుడతాడు. ఈలోగా టుక్‌టుక్ పక్కకొచ్చి ఆగుతుంది, మొత్తం తిప్పడానికి ఇరవై బాట్లే. మొదటి గుడి నిజంగానే గుడి. రెండోది నగల కొట్టు, మూడోది సూట్లు కుట్టే కొట్టు. మీరు లోపల అడుగుపెడితే చాలు, డ్రైవర్‌కి పెట్రోల్ కూపన్. నగల కొట్లో నీలాల్ని 'మీ ఊళ్లో అమ్ముకుంటే రెట్టింపు' అని అంటగడతారు. చెప్పేవాడు ఎంత మర్యాదగా ఉన్నా ఆగకుండా నడవండి. మూసి ఉందో లేదో గేటు దగ్గర యూనిఫాం వాళ్లే చెప్పాలి.

ప్యాలెస్ నుంచి వాట్ ఫో గుడి పది నిమిషాల నడక. థా తియన్ రేవులో అవతలి ఒడ్డుకి పడవ ఐదు బాట్లు, దిగితే వాట్ అరుణ్ గుడి. ఆదివారం పొద్దున చతుచక్ సంత. ఎంఆర్‌టీలో కంపెంగ్ పెట్ స్టేషన్‌లో దిగితే మెట్లెక్కగానే సంతే, పదకొండు దాటితే రేకుల కింద ఉడికిపోతారు.

శాకాహారులు 'వెజ్' అంటే లాభం లేదు, కూరలోనూ నామ్ ప్లా అనే చేపల సాస్ పడుతుంది. 'జే' (పూర్తి శాకాహారం) అనండి, పసుపు జెండా మీద ఎర్రక్షరాలున్న బండి వెతకండి. ఆ తిండిలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అన్నం, పప్పు లేకపోతే నడవదంటే శామ్ యోట్ స్టేషన్ దగ్గర మనవాళ్ల పేట ఫహురాత్ ఉండనే ఉంది.

ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి సెలవు కలిపి టికెట్లు కొనేవాళ్లూ ఉంటారు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా అక్కడ సొంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగ, వీధుల్లో నీళ్ల యుద్ధం. సరదానే, కానీ ఫోన్‌కి ప్లాస్టిక్ సంచీ లేకుండా సీలోం రోడ్డు వైపు పోవద్దు, చిన్న కొట్లు మూసుంటాయని లెక్కేసుకోండి.

ఆదివారం రాత్రి విమానానికీ రైల్లోనే వెళ్లండి. తీపి మిరప సాస్ సీసాలు చెక్-ఇన్ బ్యాగ్‌లో వేయండి, చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్లు దాటినవన్నీ తనిఖీ దగ్గర చెత్తబుట్టకే. దురియన్ పండు మాత్రం ఎందులోనూ పెట్టకండి, హోటల్ గదిలోకి కూడా రానివ్వరు.