వెల్ చీకటిగా కనపడగానే పాల సెంటర్‌కి ఫోన్ కొట్టకు

అమ్మలూ,

నిన్న ఫోన్లో సగమే చెప్పాను, ఈలోపు మీ అత్తయ్య భోజనానికి పిలిచేసింది, అందుకే ఇప్పుడు కూర్చుని టైప్ చేస్తున్నా. పాలల్లో యాంటీబయాటిక్ పట్టే ఆ లైట్ టెస్ట్ మీ ల్యాబ్‌లో నీకే అప్పజెప్పారన్నావుగా, మంచిదే, కానీ కిట్‌లో వచ్చిన కాగితం చదివితే అన్నీ తెలిసిపోవు.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకో, ఇందులో వెలుగు తలకిందులు. వెల్ అంటే ప్లేట్‌లో చిన్న గుంట, దాని అడుగున మందుని పట్టుకునే యాంటీబాడీ అతికించి ఉంటుంది, నువ్వు పాలూ పోస్తావు, హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ (లూమినాల్‌ని వెలిగించేది ఇదే) తగిలించిన అదే యాంటీబయాటిక్ మందూ పోస్తావు, రెండూ ఆ యాంటీబాడీ దగ్గర సీటు కోసం కొట్టుకుంటాయి, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే అనుకో. పాలల్లో మందు ఉంటే అదే ముందు కర్చీఫ్ వేసేస్తుంది, ఎంజైమ్‌కి సీటు దొరక్క కడుగుడులో కొట్టుకుపోతుంది, తర్వాత నువ్వు లూమినాల్, పెరాక్సైడ్ పోసినా ఆ నీలం వెలుగు సరిగా రాదు. అంటే చీకటిగా ఉన్న వెల్లే దొంగ.

కానీ చీకటికి వేరే కారణాలు సవాలక్ష. నేను కొత్తలో చేసిన వెధవ పని చెప్తా, నవ్వకు. వాష్ బఫర్ (ప్లేట్ కడిగే ద్రావణం) పాడవకుండా ఉంటుందని ఎవరో అందులో సోడియం అజైడ్ కలిపి పెట్టారు, నేను చూసుకోలేదు, అజైడ్ తగిలితే హెచ్‌ఆర్‌పీ పని అయిపోయినట్టే. శాంపిల్స్ అన్నీ చీకటి. పెన్సిలిన్ పెన్సిలిన్ అని సెంటర్‌కి ఫోన్ కొట్టేశా, ఒక పెద్దాయన 40 లీటర్ల క్యాన్ మోపెడ్‌కి కట్టుకుని నోరెత్తకుండా వెనక్కి పోయాడు. సాయంత్రం షీట్ మళ్ళీ తీసి చూస్తే జీరో స్టాండర్డ్ కూడా చీకటే! మందు అస్సలు లేని వెల్ అది, ప్లేట్ మొత్తంలో దానిదే ఎక్కువ వెలుగుండాలి. అది వెలగకపోతే మిగతా అంకెలు చదవనే చదవకు, ప్లేట్ పక్కన పడేయ్.

ఇంకో లెక్క కూడా చూడు, 2018లో మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు దేశమంతా 6,432 శాంపిల్స్ చూస్తే యాంటీబయాటిక్ హద్దు దాటినవి 77. నీ ప్లేట్‌లో సగం చీకటైతే ఊళ్ళో గేదెలన్నిటికీ ఒకేసారి జబ్బు చేసిందనుకుంటావా, నీ పైపెట్టింగ్‌ని అనుమానిస్తావా?

రివర్స్ మోసం కూడా ఉంది. పచ్చిపాలల్లో వాటి సొంత పెరాక్సిడేజ్, అంటే హెచ్‌ఆర్‌పీ లాంటి ఎంజైమే, ఉంటుంది, కడగడం సరిగా లేకపోతే అది కూడా లూమినాల్‌ని వెలిగించేస్తుంది, నిజంగా మందున్న పాలు మంచి పాలలా కనపడతాయి. ముందు పాలు 4 డిగ్రీల దగ్గర ఓ పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చెయ్యి, పైన మీగడ బిళ్ళలా గట్టిపడుతుంది, టిప్‌తో దాన్ని పక్కకి నెట్టి కింద పాలు లాగు. ఆ మోసం రాకుండా కడిగిన ప్రతిసారీ ప్లేట్ తిరగేసి టిష్యూ మీద టప్పున కొట్టు, చుక్క మిగలకూడదు. బోరు నీళ్ళతో కడిగిన గ్లాస్‌వేర్ మాత్రం వద్దమ్మా, ఇనుము, రాగి ఉంటే ఎంజైమ్ లేకుండానే వెలుగొచ్చేస్తుంది. స్టాండర్డ్స్ (తెలిసిన మోతాదులో మందు కలిపి పోల్చుకునేవి) బఫర్‌లో కాదు, మందు పడని గేదె పాలల్లోనే కలుపు.

శాంపిల్ ఎప్పటిదో కూడా అడుగు. పెన్సిలిన్ ఫ్రిజ్‌లో ఉన్నా రోజురోజుకీ విరిగిపోతుంది, ఆ రోజుకి కుదరకపోతే మైనస్ 80లో పెట్టెయ్. పెన్సిలిన్‌కి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) హద్దు కిలో పాలకి 4 మైక్రోగ్రాములే, టెట్రాసైక్లిన్‌కైతే 100 దాకా ఒప్పుకుంటారు. (ఆ టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, 1948లో వచ్చిన ఆరియోమైసిన్, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో రీసెర్చ్ నడిపిస్తున్నప్పుడు బయటపడిందే, మీ ల్యాబ్‌లో పిల్లలకి చెప్పు.) పాలు పాడవకుండా అజిడియోల్ వేసిన శాంపిల్ క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ టెస్ట్‌కి వస్తే తీసుకోకు, అజిడియోల్‌లోనే అజైడ్‌తో పాటు క్లోరాంఫెనికాల్ ఉంటుంది, ఇక పాజిటివ్ రాక ఏమొస్తుంది!

నిజంగానే పాజిటివ్ అనిపిస్తే అదే శాంపిల్ మళ్ళీ రెండు వెల్స్‌లో పెట్టు, అప్పటికీ చీకటే అయితే ఎల్‌సీ ఎంఎస్‌కి (మందుని దాని బరువుతో గుర్తుపట్టే పెద్ద మెషీన్ టెస్ట్‌కి) పంపు, ఆ తర్వాతే ఫోన్. ఫోన్లో కూడా దబాయించకు. పొదుగు వాపొస్తే డాక్టరు చన్నులోకి ట్యూబు ఎక్కించి వెళ్తాడు, లేబుల్ మీద రాసినన్ని రోజులు పాలు పొయ్యొద్దని ఉంటుంది, ఆ పాలు పారబోయడానికి రైతుకి మనసొప్పదు మరి. మీ అమ్మమ్మకి ఏ లూమినాల్ తెలుసు, పెరుగు తోడుకోకపోతే పాలమ్మే ఆవిడని "గేదెకి మందేమన్నా ఎక్కించారా" అని అడిగేది, చాలాసార్లు అదే అయ్యేది కూడా.

అన్నట్టు నువ్వు పంపిన ఫోటోలో ప్లేట్ ట్రాన్స్‌పరెంట్‌గా కనపడింది, దాంట్లో పక్క వెల్ వెలుగు ఇటు కారుతుంది, తెల్లది కావాలి. స్టోర్‌లో అడిగి దొరికిందో లేదో రేపు వాట్సాప్ చెయ్యి.

మావయ్య