పటాన్ని గోడవైపు తిప్పిన చెల్లెలికి

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల. నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. ప్రతి శనివారం నేనూ మా ఆయనా దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చేవాళ్లం. ఏడాదికోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లం. నాలుగు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఫ్యాక్టరీ లీజుకిచ్చి కడపలో రెండు గదుల అద్దింట్లో ఉంటున్నాం. ఈసారి నడక మొక్కు తీరలేదు. “నువ్వు పూజలో ఏదో లోపం చేసినావు, అందుకే ఇట్లయింది” అంటుంది మా అత్త. శాంతి హోమం చేయాలి, నలభై వేలవుతుందని ఒకాయన చెప్పాడు. ఒకరోజు కోపం పట్టలేక వెంకటేశ్వరస్వామి పటాన్ని గోడవైపు తిప్పేశాను. మళ్లీ ఇటు తిప్పబుద్ధి కావడం లేదు. అలాగని మరిచిపోయి ఉండలేకపోతున్నాను. నేను దేవుణ్ని వదిలేసినట్టేనా? – ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, పటాన్ని తిప్పారు గానీ తీసేయలేదు. అటక మీద పడేయలేదు, ఎవరికీ ఇచ్చేయలేదు. దాని వీపు చూస్తూ అదే ఇంట్లో వండుతున్నారు, ఆయనకు తినిపిస్తున్నారు. దీన్ని వదిలేయడం అనరు, అలగడం అంటారు. మనవాళ్లనుకున్న వాళ్ల మీదే మనం అలుగుతాం.

మీరు శనివారాలు వచ్చిన ఆ గుడికే ఉగాది నాడు ముస్లింలు వస్తారు కదా. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ కాబట్టి స్వామి తమకు చుట్టమని వాళ్ల భావన. దేవుణ్ని చుట్టమనుకునే ఊళ్లో ఉంటూ, ఆయన మీద కోపం వస్తే మహాపాపమైపోయిందని భయపడకండి. గోల్కొండ చెరలో దెబ్బలు తిన్న రామదాసు రాముణ్ని నగల లెక్క అడిగి మరీ తిట్టాడు. దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానని తర్వాత వేడుకున్నాడు. ఆ తిట్లను మనం ఇప్పటికీ భక్తితోనే పాడుకుంటున్నాం.

నా సంగతి ఒకటి చెబుతాను. మా తమ్ముడు పోయాక ఏడాది దాకా నేను గుడి మెట్టెక్కలేదు. మళ్లీ వెళ్లిన రోజు కూడా భక్తి పుట్టి వెళ్లలేదు, అమ్మకు తోడుగా వెళ్లాను. చెప్పులు విడిచే చోటే కూర్చుని ఏడ్చి, లోపలికి పోకుండానే తిరిగొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ రోజే దేవుడితో మళ్లీ మాట కలిసిందనిపిస్తుంది.

ఇక మీ అత్తగారి మాట. పక్షవాతం మెదడుకు రక్తం అందకపోవడం వల్ల గానీ, మెదడులో రక్తనాళం చిట్లడం వల్ల గానీ వస్తుంది. బీపీ, షుగర్, పొగతాగడం దానికి దారి తీస్తాయి. రోజూ గుడికి పోయేవాళ్లకూ వస్తుంది, ఎన్నడూ పోనివాళ్లకూ వస్తుంది. మీ పూజకూ దీనికీ ఏ సంబంధం లేదు. ఈ మాట మనసుకు పట్టించుకోండి. అయితే ఆమెతో వాదించకండి. కన్నకొడుకు మంచాన పడితే ఆ తల్లి ఎవరినో ఒకరిని తప్పుపట్టకుండా ఉండలేకపోతోంది. “అత్తా, నాకు చేయి రావడం లేదు, కొన్నాళ్లు దీపం నువ్వు పెట్టు” అని ఆ పని ఆమెకు అప్పగించండి. ఆమెకూ ఊరటగా ఉంటుంది, మీకూ ఆ మాట పడే బాధ కొంత తప్పుతుంది.

హోమం మాత్రం వద్దు. భయంలో ఉన్న ఇంటికొచ్చి నలభై వేలు అడగడం నాకు అన్యాయంగా తోస్తోంది. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. పక్షవాతం తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎక్కువ మెరుగుదల కనిపిస్తుంది. మీకు నాలుగు నెలలు గడిచిపోయాయి కాబట్టి ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. ఆరు నెలల తర్వాత కూడా నెమ్మదిగా మెరుగుపడేవాళ్లు ఉన్నారు, ఆశ వదులుకోవద్దు. సచివాలయంలో అడిగి, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు స్లాట్ పెట్టించుకోండి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛన్ ఉంది. మీకు వర్తిస్తుందో లేదో వాళ్లే చూసి చెబుతారు.

మొక్కు తీరలేదన్న దిగులుకు మన పెద్దవాళ్లే ఒక దారి చూపించారు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి, “వీలైనప్పుడు వస్తాం సామీ” అని చెప్పుకుంటారు. 3,550 మెట్లు ఎక్కలేని మీ పరిస్థితి ఆ స్వామికి తెలియదా?

మిమ్మల్ని లోలోపల కోస్తున్నది ఇంకొకటి ఉందని నాకనిపిస్తోంది. ఇద్దరూ కలిసి ఎర్రగుంట్ల నుంచి బయల్దేరి వచ్చిన ఆ శనివారాలు. అవి ఇక అలాగే తిరిగి రావు. వాటి కోసం ఏడవండి, అది తప్పేం కాదు. భక్తి నిలబెట్టుకోవడమంటే ఆ పాత రోజుల్ని ఉన్నదున్నట్టు మళ్లీ నడపడమని అనుకున్నంత కాలం మీకు ఓడిపోయినట్టే ఉంటుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది రాత్రి ఆయన పడుకున్నాక మిగిలే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు పటం ముందు, వీపు ఇటు ఉన్నా సరే, కూర్చోండి. శ్లోకాలు అక్కర్లేదు. “నాకు కోపంగా ఉంది, భయంగా ఉంది, ఈ నెల అద్దె కట్టాలి” అని ఉన్నది చెప్పండి.

నిద్ర పట్టక, తిండి సయించక రెండు వారాలు దాటితే టెన్షన్‌లే అని ఊరుకోకండి. 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ సేవ, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తే రెండు వారాలు ఆగకుండా అప్పుడే చేయండి.

పటం ఎప్పుడు తిప్పాలో నేను చెప్పను. తిప్పాలనిపించిన రోజు చిటికెడు పత్తి తీసి మీ ఆయన కుడి చేతిలో పెట్టండి. వేళ్లకు కదలిక రావడానికి ఫిజియోథెరపీ వాళ్లు ఎలాగూ చిన్న చిన్న వస్తువులు పట్టించి, తిప్పించి చూస్తారు. వాళ్లనొక మాట అడిగి, ఆ పత్తిని ఆయన చేతే ఒత్తిగా చేయించండి. ఎంత వంకరగా వచ్చినా ఆ సాయంత్రం ఆ ఒత్తే వెలిగించండి.