వేటకి పోకపోయినా దానికి పని కావాలి: వేటజాతి కుక్కల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ముచ్చటపడి వేటజాతి కుక్కని తెచ్చుకున్నాం, మేం వేటకి పోం, పిల్లలతో ఆడుకుంటూ ఇంట్లో పడుంటే చాలనుకున్నాం, కానీ దాని లోకం దానిదే, మా మాటే వినట్లేదు అని. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చేసారికి పక్కన పెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: నమస్తే మేడం. మాది ఏడాదిన్నర బీగిల్, మగది. ఇంట్లో ఉన్నంతసేపూ బంగారం, పిల్లలు చెవులు పట్టుకు లాగినా ఏమనదు. బయటికెళ్తే మాత్రం ముక్కు నేలకి ఆనించిందా, ఇక పిలిచినా పలకదు. అరిచినా అంతే, గొలుసు లాగినా అంతే. రెండుసార్లు గేటు తీసుంటే వెళ్ళిపోయింది, ఒకసారైతే నాలుగు గంటలు వెతికాం. మావారు దీనికి బుర్ర లేదంటున్నారు. నిజంగా ఇది మొండిదా?

జవాబు: మొండిదీ కాదు, బుర్ర లేనిదీ కాదమ్మా. అది తన పని తాను చాలా బాగా చేస్తోంది, ఆ పని మనకి అక్కర్లేదు, అంతే తేడా. బీగిల్‌ని తయారు చేసిందే కుందేలు వాసన పట్టుకుని గుంపుగా వెంటపడటానికి. కుక్కలు ముందు, మనుషులు ఎక్కడో వెనక. అలాంటప్పుడు మాటిమాటికీ ఆగి యజమాని మొహం చూసే కుక్క ఏం ఉపయోగపడుతుంది చెప్పండి? వాసన దొరికాక ఇంకేదీ పట్టించుకోని వాటినే ఏరి ఏరి తరతరాలుగా పిల్లలు పెట్టించారు. మీవాడు ఆ వంశంలోవాడే.

మా ఇంట్లో ఒక బీగిల్ పదమూడేళ్ళు బతికింది. మొదటి ఏడాది నేనూ మీలాగే గొంతు పోయేలా అరిచాను. ఒకరోజు విసుగొచ్చి అరవడం మానేసి దాని పక్కన గొంతుక్కూర్చుని చూశా. తోక నిక్కబొడుచుకుని ఉంది, ముక్కు నేల మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంది, బుస్ బుస్ మని చిన్నగా గాలి పీలుస్తోంది, వీపు మీద చెయ్యేస్తే చర్మం కింద సన్నగా వణుకు తెలిసింది కానీ తల మాత్రం ఎత్తలేదు. నా మాట వినకూడదని కాదు, ఆ క్షణంలో దానికి నేను లేనే లేను. అది అర్థమయ్యాక నా కోపం పోయింది, పద్ధతీ మారింది.

ముందు గేటు సంగతి చూడండి. వీధి గేటుకీ ఇంటి తలుపుకీ మధ్య ఇంకో అడ్డు పెట్టండి, చిన్న జాలీ తలుపైనా సరే. మెడ బెల్టుకి ఫోన్ నంబరు బిళ్ళ కట్టండి, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ కూడా వేయించండి. చుట్టూ గోడ లేనిచోట గొలుసు విప్పకండి, ఎంత బాగా నేర్పినా సరే. ఇది నేను బీగిల్ వాళ్ళందరికీ చెప్పేమాట, ఇందులో మినహాయింపు ఇవ్వను.

తర్వాత, రోజుకి ఒక నడకైనా పూర్తిగా దానికే ఇచ్చేయండి. ఛాతీకి తొడిగే హార్నెస్ వేసి పది మీటర్ల తాడు కట్టి ఒక అరగంట అది ఎటు వాసన చూస్తే అటే వెళ్ళండి, లాగొద్దు, తొందరపెట్టొద్దు, దూరం ఎంత నడిచాం అని లెక్కపెట్టుకోవద్దు. ఇలా అరగంట ముక్కుతో పనిచేసిన బీగిల్ ఇంటికొచ్చి ఎంత హాయిగా పడుకుంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. తిండి కూడా గిన్నెలో పెట్టకుండా సగం గడ్డిలో చల్లండి, లేదా పాత తువ్వాల్లో చుట్టి ఇవ్వండి, వెతుక్కుని తింటుంది.

పిలిస్తే రావడానికి కొత్త మాట పెట్టుకోండి, లేదా విజిల్. పాత పిలుపు మీరు వందసార్లు అరిచి అరిచి అరగదీసేశారు కదా, అదింక పనిచెయ్యదు. కొత్త పిలుపు ఇంట్లో మొదలుపెట్టండి, వచ్చిన ప్రతిసారీ దానికి ప్రాణమైన తిండి ముక్క పెట్టండి, తర్వాత వరండాలో, తర్వాత తాడు మీద బయట. ఇంకోమాట, చాలామంది కుక్కని ఇంటికి పోవడానికి మాత్రమే పిలుస్తారు. అది కూడా లెక్క కట్టుకుంటుంది, వెళ్తే ఆట అయిపోతుందని. పిలవండి, వస్తే ముక్క పెట్టండి, పో వాసన చూసుకో అని మళ్ళీ వదిలేయండి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ఇలాగే జరగాలి.

మళ్ళీ తప్పిపోతే ఎక్కడ కనబడకుండా పోయిందో అక్కడ మీరు కప్పుకునే దుప్పటి ఒకటి పరిచి ఎవరో ఒకరు అక్కడే కూర్చోండి. వాసన పట్టుకుపోయిన కుక్క చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కొస్తుంది.

చెవుల సంగతి వదిలేస్తా అనుకోకండి. లాగినా ఏమనదు అని మురిసిపోకండమ్మా, ఓర్చుకుంటోంది, అంతే. వేలాడే చెవుల్లోకి గాలి ఆడక ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, లోపల పుండు ఉన్నరోజు పిల్లలు లాగితే కరుస్తుంది, అప్పుడు తప్పంతా కుక్క మీద పడుతుంది. వారానికోసారి చెవి ఎత్తి చూడండి, ఎర్రగా ఉన్నా వాసనొస్తున్నా డాక్టరుకి చూపించండి. లాగడం మాత్రం ఇవాళే ఆపించండి.

ప్రశ్న: మాది ల్యాబ్రడార్ అండి. ఇది వేటకుక్క అని మా అబ్బాయి అంటాడు, నేను నమ్మను. ఇంత సాధుజంతువు వేటాడుతుందా? పైగా చెప్పులు, బట్టలు, ఏది దొరికితే అది నోట కరుచుకుని తిరుగుతుంది, ఎంత కొట్టినా మానట్లేదు.

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే నిజమండి. తుపాకీతో కొట్టిన పక్షి నీళ్ళలో పడితే ఈదుకుంటూ వెళ్ళి, నలక్కుండా నోట పట్టుకుని తెచ్చివ్వడం దీని పని. దీని పూర్తి పేరు ల్యాబ్రడార్ రిట్రీవర్, రిట్రీవర్ అంటే తెచ్చిచ్చేది అనే అర్థం. చంపేపని దీనిది కాదు కాబట్టి మీకు సాధుజంతువులా కనిపిస్తోంది. చెప్పు పట్టుకుని మీ దగ్గరికే వస్తోంది చూడండి, పారిపోవట్లేదు. తెచ్చిస్తోంది పాపం, మీరు కొడుతున్నారు. కొట్టడం ఆపేయండి. రెండు మూడు బొమ్మలు గుమ్మం దగ్గరే ఉంచి, చెప్పు తెచ్చినప్పుడు మెచ్చుకుని బొమ్మ ఇచ్చి చెప్పు తీసుకోండి. వెంటపడి లాక్కుంటే దాచుకోవడం, గుటుక్కున మింగేయడం నేర్చుకుంటుంది, అప్పుడు ఆపరేషన్ దాకా పోతుంది.

తిండి విషయంలో జాగ్రత్త. ల్యాబ్రడార్లలో సుమారు నాలుగోవంతు వాటికి ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. అడుగుతోంది కదా అని పెట్టకండి, పక్కటెముకలు చేతికి తగులుతున్నాయా లేదా చూసి పెట్టండి.

ప్రశ్న: అక్కా, నేను కాలేజీలో చదువుతున్నా. మా దగ్గర తొమ్మిది నెలల జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ ఉంది. రోజూ గంట నడిపిస్తున్నా, అయినా సోఫా చీల్చేసింది, తలుపు చెక్క కొరికేసింది. ఇంకోటి, గోడ మీద పావురం వాలితే ఒక ముందుకాలు పైకి మడిచి బొమ్మలా నిలబడిపోతుంది, కదిలిస్తే కూడా కదలదు. ఫిట్సా అని అమ్మ భయపడుతోంది.

జవాబు: ఫిట్స్ కాదు తమ్ముడూ, అమ్మగారికి ధైర్యం చెప్పు. పాయింటర్ అనే పేరొచ్చిందే ఆ నిలబడటం వల్ల. వేటాడే జంతువు చేసే పనులన్నీ గొలుసుకట్టుగా ఉంటాయి. వెతకడం, కళ్ళు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. మనిషి ఏం చేశాడంటే ఒక్కో జాతిలో ఆ గొలుసులో ఒక్కో లంకె గట్టిపరిచాడు, మిగతావి బలహీనం చేశాడు. మీదానికి వెతికి, పొంచి, నిలిచిపోవడం దగ్గర బిగించాడు. పిట్ట ఎక్కడుందో వేటగాడికి చూపించాలి కదా, మీద పడితే ఎగిరిపోతుంది. ఎవరూ నేర్పకుండా తొమ్మిది నెలలదానికి అది వచ్చేసిందంటే నాకైతే ఒళ్ళు పులకరిస్తుంది.

సోఫా దగ్గరికొద్దాం. గొలుసు పట్టుకుని నీ అడుగుల్లో అడుగేస్తూ గంట నడిస్తే దీనికి వ్యాయామం కిందకే రాదు. పొద్దంతా పొలాల్లో పరుగెత్తడానికి పుట్టిన ఒళ్ళు అది. ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం ఎవరిదైనా అడుగు, వారంలో మూడు నాలుగు రోజులు విడిచిపెట్టి పరుగెత్తనీ. కానీ సైకిల్ వెనక కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తించడం లాంటివి ఇప్పుడొద్దు, ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి, ఏడాదిన్నర దాటనీ, డాక్టరు సరే అన్నాక చెయ్యి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అలిసిపోవాలని రోజురోజుకీ పరుగు పెంచుకుంటూ పోతారు, రెండు నెలల్లో దానికి దమ్ము పెరుగుతుంది, గంట సరిపోయేది రెండు గంటలైనా చాలదు. పరుగుతో పాటు బుర్రకీ పని పెట్టాలి. ఒక గుడ్డబొమ్మ దాచి వెతికించు, మొదట అదే గదిలో, తర్వాత ఇల్లంతా, తర్వాత గడ్డిలో. బొమ్మ విసిరే ముందు పది సెకన్లు కూర్చోబెట్టి నువ్వు చెప్పాకే పోనీ. అలాగే ఊరికే ఉండటం కూడా నేర్పాలి, నువ్వు చదువుకునేటప్పుడు చాప వేసి దాని మీద పడుకున్నంతసేపూ నెమ్మదిగా ఒక్కో ముక్క ఇస్తూ ఉండు. పదిహేను రోజుల్లో చాప చూస్తే పడుకుంటుంది.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి, ఇలా ఛాతీ లోతుగా ఉండే కుక్కలకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తినగానే పరుగు పెట్టించకు, కనీసం గంట ఆగు. పొట్ట బిగుసుకుపోయి, కక్కడానికి ప్రయత్నిస్తూ ఏమీ రాక అవస్థపడుతుంటే తెల్లారిదాకా చూద్దాం అనుకోవద్దు, ఆ నిమిషమే ఆస్పత్రికి తీసుకెళ్ళు, ప్రాణాలు పోయే సంగతి.

పరీక్షలప్పుడు ఇదంతా నీ ఒక్కడివల్ల కాదు. ఇంట్లో వాళ్ళతో కూర్చుని పొద్దున ఎవరు, సాయంత్రం ఎవరు అని ఇప్పుడే మాట్లాడుకోండి.

ప్రశ్న: పెద్ద వయసు గ్రేహౌండ్ ఒకటి దత్తతకి ఉంది. మా ఇంట్లో ఏడేళ్ళ పిల్లి ఉంది. రెండూ కలిసి ఉంటాయా?

జవాబు: ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఆ ఒక్క కుక్కని చూస్తేగానీ చెప్పలేమండి. గ్రేహౌండ్ ముక్కుతో కాదు, కంటితో వేటాడుతుంది. కదిలేది కనబడితే చాలు, గంటకి 60 కిలోమీటర్లు దాటిన వేగంతో దూసుకెళ్తుంది, మీ పిల్లికి గోడెక్కే టైముండదు. తెచ్చుకునే ముందు పిల్లి ఉన్నచోట, మూతికి బుట్ట వేసి, గొలుసు మీద చూపించమనండి. పిల్లిని చూసి తల తిప్పుకుంటే, ఇచ్చిన తిండి తింటే, పిలిస్తే మీవైపు చూస్తే ఆశ ఉంది. ఒళ్ళు బిగుసుకుని, రెప్పవేయకుండా చూస్తూ, తిండి మూతి దగ్గర పెట్టినా పట్టించుకోకపోతే ఆ కుక్క మీ ఇంటికి కాదు. ఎంత నచ్చినా సరే వద్దు, పిల్లి ఇల్లది, ముందొచ్చింది అదే.

కుదిరిందనుకోండి, మొదటి వారాలు జాలీ తలుపుకి అటూ ఇటూ ఉంచండి, పిల్లికి ఎత్తులో పారిపోయే చోటు ఉంచండి, మీరు లేనప్పుడు రెండిటినీ ఒకచోట వదలకండి. లోపల పిల్లి పక్కనే నిద్రపోయే కుక్క కూడా బయట పరుగెత్తే అదే పిల్లిని తరుముతుంది, అది గుర్తుంచుకోండి.

ఈ జాతి ఇంట్లో మాత్రం రోజులో ఎక్కువభాగం నిద్రే, మీరు ఆశ్చర్యపోతారు. మెడ కంటే తల సన్నం కాబట్టి మామూలు బెల్టు జారిపోతుంది, లాగితే బిగుసుకునే మార్టింగేల్ బెల్టు కొనండి. సాగే తాడు చుట్ట ఉండే లీష్ దీనికి వద్దు, ఆ వేగంతో వెళ్ళి తాడు చివర ఆగితే మెడకి దెబ్బ. ఎప్పుడైనా మత్తు ఇవ్వాల్సివస్తే ఇది గ్రేహౌండ్ అని డాక్టరుకి ముందే గుర్తుచేయండి, కొన్ని మత్తుమందులు వీటి ఒంట్లోంచి త్వరగా దిగవు.

ప్రశ్న: వేటజాతికి పచ్చిమాంసం రుచి చూపిస్తే క్రూరంగా మారి పిల్లల మీదకి వస్తుందంటారు, నిజమేనా?

జవాబు: కాదు. వేట అనేది దానికి తిండి వెతుక్కునే పని, కోపం కాదు. కరవడం వెనక సాధారణంగా భయమో నొప్పో తన తిండి లాక్కుంటారన్న ఆందోళనో ఉంటాయి. పచ్చిమాంసం వద్దని నేనూ అంటాను, కానీ అందులో ఉండే సూక్ష్మక్రిముల వల్ల, అవి పిల్లలకీ అంటుతాయని. అరుస్తూ పరుగెత్తే చిన్నపిల్లల వెంటపడి పిక్క పట్టుకునే కుక్కలు మాత్రం ఉంటాయి, అందుకే పెద్దవాళ్ళు ఎదురుగా లేకుండా ఏ కుక్కనీ పసిపిల్లల దగ్గర వదలొద్దు.

ప్రశ్న: అమ్మా, మేమిద్దరం పెద్దవాళ్ళం. చిన్నది కదా సులువని డాష్‌హండ్‌ని తెచ్చుకున్నాం. పెరడంతా తవ్వేస్తోంది, మంచం మీదికి ఎక్కుతూ దూకుతూ ఉంటుంది. ఎలా మానిపించాలి?

జవాబు: తవ్వడం మానిపించలేమండి, చోటు మార్చగలం. జర్మన్‌లో డాక్స్ అంటే బ్యాడ్జర్, అది నేలలో బొరియ చేసుకుని ఉండే జంతువు, ఆ బొరియలోకి దూరి దాన్ని ఎదిరించడానికే ఆ పొట్టికాళ్ళు, ఆ పొడుగు ఒళ్ళు. పెరట్లో ఒక మూల నాలుగు ఇటుకలు పేర్చి అందులో ఇసుక పోసి, పొద్దున్నే ఒక బొమ్మో తిండి ముక్కో పాతిపెట్టండి. పూలమొక్కల దగ్గర తవ్వుతుంటే ఏమీ అనకుండా ఎత్తుకెళ్ళి ఇసుకలో దింపండి.

దూకడం మాత్రం కచ్చితంగా ఆపాలి. ఈ జాతికి వెన్నుపూసల మధ్య డిస్కులు తొందరగా దెబ్బతింటాయి, వెనకకాళ్ళు పడిపోయిన డాష్‌హండ్‌లని నేను చూశాను, చూడలేం అండి. మంచానికి ఏటవాలు చెక్క పెట్టించండి, బరువు పెరగనివ్వకండి. ఎత్తుకునేటప్పుడు చంకల్లో చేతులేసి పిల్లాడిలా ఎత్తొద్దు, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకభాగం కింద పెట్టి వీపు నేలకి సమానంగా ఉండేలా ఎత్తండి. నడుము వంచడం మీకు కష్టమైతే ఒకరు స్టూలు మీద కూర్చోండి, దాన్నే చెక్క మీదుగా ఒళ్ళోకి రానివ్వండి.