అర్థం కాకపోతే తల ఊపకు

బిడ్డా,

మీ కాలేజీ వాళ్ళు బ్రసెల్స్, మాస్ట్రిక్ట్, కొలోన్ తీసుకుపోతున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ మొదలైంది. మామునూరు రన్‌వే దగ్గర మేకలు మేస్తుంటే సైకిల్ ఆపి చూసిన పిల్లగాణ్ని నేను. మనింట్లోంచి ఒకరు యూరప్ ఆకాశంలో విమానాల రాకపోకలు చూసే యూరోకంట్రోల్ గడప తొక్కుతారని ఎన్నడూ అనుకోలేదు.

వీసా, ఇన్సూరెన్స్ కాగితాలు రెండేసి కాపీలు పెట్టుకో. మీ అమ్మ నెయ్యి సీసా, పాలకోవా సర్దితే మెల్లగా తీసి పక్కన పెట్టెయ్. పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. సకినాలకు ఢోకా లేదు.

పోయే ముందు ఎవరి పని ఏమిటో తెలుసుకో. మాంట్రియల్‌లోని ఐకావోలో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థలో, 193 దేశాలున్నాయి. అది ప్రమాణాలు రాస్తుంది, పోలీసు పని చెయ్యదు. మన దగ్గర అమలు చూసేది పౌర విమానయాన డైరెక్టరేట్, డీజీసీఏ. కొలోన్‌లో ఉండి విమాన భద్రత చూసే ఈయాసా యూరోపియన్ యూనియన్‌ది. యూరోకంట్రోల్ దానిది కాదు, 1960లో దేశాలు విడిగా చేసుకున్న ఒప్పందంతో వచ్చింది. రెండూ ఒకటే అనుకుని ప్రశ్న అడిగావంటే నా పరువు పోతుంది.

ఇక అసలు సంగతి. నీకో చెడ్డ అలవాటుంది. అర్థం కాకున్నా తల ఊపుతావు. ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా సర్వీసులో చేరిన మూడో ఏడు. మా దగ్గర రాడార్ లేదు, ఒక్కో విమానం వివరాలు రాసుకునే పేపర్ స్ట్రిప్పులే దిక్కు. వానాకాలం మధ్యాహ్నం. ఒక విమానం లెవెల్ 100లో, అంటే సుమారు పదివేల అడుగుల్లో ఉంది. పైనుంచి వస్తున్న రెండోదాన్ని 110 వరకే దిగమన్నాను. మధ్యలో వెయ్యి అడుగులు. పైలట్ మా మాట తిరిగి చెప్పాలి, దాన్ని రీడ్‌బ్యాక్ అంటాం. ఆయన చెప్పింది 'వన్ జీరో జీరో'. రేడియోలో గరగర. సరిగ్గా వినపడలేదని నాకు తెలుసు. మళ్ళీ చెప్పమంటే పక్కనున్న సీనియర్ 'వీడికి చెవుల్లేవా' అనుకుంటాడని మొహమాటం. మనసులో 110 ఉంది కాబట్టి చెవిలోనూ అదే పడిందనుకున్నాను. స్ట్రిప్ మీద 110 పక్కన టిక్కు కూడా పెట్టాను.

కింది విమానం పైలట్ వింటున్నాడు. 'వన్ జీరో జీరోలో మేమున్నాం, ఆయన్ని ఎక్కడికి దింపుతున్నారు?' అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. వెంటనే సరిచేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. షిఫ్టు దిగాక మెట్ల మీద కూర్చుంటే మోకాళ్ళు చాలాసేపు వణికాయి.

1996 నవంబర్‌లో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సినది ఇంకా కిందికి దిగింది. 14,000లో ఇంకోటి వస్తోంది. అదే వెయ్యి అడుగులు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఎందుకని మీ పెద్దమ్మ అడిగితే కడుపులో బాగాలేదన్నాను. ఇప్పుడు నీకే చెబుతున్నా, ఆమెకు చెప్పకు.

యూరప్‌లో ఇప్పుడు లెవెల్ 100ను 'వన్ హండ్రెడ్' అంటారు, 110తో కలవకుండా. నాలాంటి వాళ్ళెందరు టిక్కులు పెడితే వచ్చిందో ఆ మాట!

వాళ్ళ యాస అందకపోతే 'సే అగైన్' అను. మా వృత్తిలో అది మర్యాదైన మాట. నలుగురూ నవ్వినా అను. నవ్వే వాళ్ళలో ముగ్గురికి అర్థమై ఉండదు.

మాస్ట్రిక్ట్‌లోని యూరోకంట్రోల్ సెంటర్‌లో బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగుల పైనున్న ఆకాశాన్ని ఒకే చోటి నుంచి నడిపిస్తారు. పైలట్ కాక్‌పిట్‌లో ఏ లెవెల్ పెట్టుకున్నాడో కంట్రోలర్ తెరమీద అంకెగా వస్తుంది. చెవి మోసం చేసినా కన్ను పట్టుకుంటుంది. ఆ అంకె ఎక్కడ కనపడుతుందో అడిగి, దగ్గరికి పోయి చూడు. ఫొటో తీయనివ్వకపోతే కాగితం మీద గీసుకురా. నాకు చూడాలనుంది.

నీ పెద్దబాపు,
హనుమకొండ