జర్మనీ చదువుకి 35 యూరోల ప్రైవేటు ఇన్సూరెన్స్ సరిపోతుందా?

మీకు ఇంకా 30 ఏళ్లు నిండలేదు అన్నారు కాబట్టి ఒకటే మాట, పబ్లిక్ (అక్కడి చట్టబద్ధ ఆరోగ్య బీమా) తీసుకోండి. పబ్లిక్‌కి నెలకి 140 యూరోలు దాటుతుంది, 35 యూరోల ప్రైవేటు చాలు అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారని రాశారు కదా, నాకూ అచ్చం అదే చెప్పారు. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) నుంచి నెలకి వచ్చేది 992 యూరోలు, గది అద్దె పోగా మిగిలిన దాంట్లోంచి 140 తీసి ఇవ్వాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, కాదనను.

కానీ వాళ్లు చెప్పనిది ఒకటుంది. ప్రైవేటుకి వెళ్లాలంటే పబ్లిక్ నుంచి మినహాయింపు కోరుతూ ఒక కాగితం పెట్టాలి, బెఫ్రైయుంగ్ అంటారు, యూనివర్సిటీలో చేరిన 3 నెలల్లోపు. అది ఒకసారి పెట్టాక చదువు అయ్యేదాకా వెనక్కి తీసుకోవడం కుదరదు. నేను చదవకుండానే సంతకం పెట్టేశా. వచ్చిన కొత్త, రోజుకి పది సంతకాలు, అంతా జర్మనే, ఏది ఏమిటో ఎవరికి తెలుసు!

రెండో సెమిస్టర్‌లో జ్ఞానదంతం నొప్పి మొదలైంది. రాత్రంతా దవడ పట్టుకుని కూర్చుని పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పరిగెత్తా, పన్ను తీశారు, రెండు వారాలకి 380 యూరోల బిల్లు పోస్టులో వచ్చింది. ప్రైవేటులో ముందు మనం కట్టి తర్వాత కంపెనీని అడగాలి. అడిగితే, ఆ పంటికి ఇండియాలో ఎప్పుడైనా వైద్యం చేయించారా, కాగితాలు పంపండి అన్నారు. గుంటూరులో ఒకసారి చూపించిన మాట నిజమే, ఉన్నదున్నట్టు రాశా. పాత జబ్బు అని ఒక్క పైసా ఇవ్వలేదు. (నిజం చెప్పడం తప్పా అని ఇప్పటికీ అనుకుంటుంటా.) అదే నెలలో మా రూమ్మేట్ చెవి పోటుకి వెళ్తే రిసెప్షన్‌లో పబ్లిక్ కార్డు మెషిన్‌లో పెట్టాడు, చూపించుకున్నాడు, మందుల షాపులో 5 యూరోలు ఇచ్చాడు, అయిపోయింది. నేను పబ్లిక్‌కి మారతానని వెళ్తే కౌంటర్లో ఆవిడ కంప్యూటర్ చూసి, మీ మినహాయింపు ఉంది, చదువయ్యాక ఉద్యోగం వచ్చినప్పుడు రండి అంది.

టీకే, ఏఓకే, బార్మర్ లాంటి పబ్లిక్ బీమా సంస్థల మధ్య తేడా నెలకి కొద్ది యూరోలే, ఇంగ్లీషులో త్వరగా జవాబిచ్చేది చూసుకోండి. మీరు ప్రైవేటు తీసుకున్నా యూనివర్సిటీకి మీ ఇన్సూరెన్స్ సంగతి కబురు పంపాల్సింది పబ్లిక్ వాళ్లే, వాళ్లిచ్చే కాగితాల్లో మినహాయింపు అనే మాట ఎక్కడైనా కనిపిస్తే సంతకం ఆపండి. విమానం దిగిన రోజు నుంచి పబ్లిక్ ఇన్సూరెన్స్ మొదలయ్యేదాకా మాత్రం ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి, ఆ చవక పాలసీ పని అంతవరకే.